శనివారం స్కోరు, ఆదివారం చర్చ

(ఈశాన్య ఒహాయోలో తెలుగువాళ్లు కలుసుకున్న ఒక ఆదివారం సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మీరు వెనక కూర్చున్నా పరవాలేదు, వినబడితే చాలు.

ఫుట్‌బాల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్, అనగానే ఈ హాల్లో సగం మందికి క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు గుర్తొస్తుంది. మిగతా సగానికి కొలంబస్‌లో లక్ష మందికి పైగా పట్టే ఒహాయో స్టేట్ స్టేడియం గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది ఆ రెండూ కాదు. మూడు వేల మంది చూస్తే బాగా వచ్చారనుకునే ఆటల గురించి, ఆ ఆట ముగిశాక శనివారం రాత్రి నుంచి ఆదివారం సాయంత్రం దాకా అభిమానులు చేసుకునే చర్చ గురించి. ఆ చర్చ ఊసుపోక కాలక్షేపం అనుకునేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. చిన్న కాలేజీల ఆటలో స్కోరు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. ఆ స్కోరు వెనక ఏం జరిగిందో చెప్పేవాళ్లు చాలాసార్లు ఆ అభిమానులే.

ముందు ఈ కాలేజీలు ఏవో చెప్తాను. అమెరికాలో కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 1973లో వాటిని మూడు డివిజన్లుగా విడగొట్టింది. మూడో డివిజన్‌లో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. ఎంత గొప్ప ఆటగాడైనా, ఆటగాడు కాబట్టి ఒక్క డాలరు ఇవ్వరు. చదువులో మార్కులకో, ఇంటి ఆదాయం చూసో ఇచ్చే సాయం మాత్రం మిగతా విద్యార్థులకు ఎలా ఇస్తారో వీళ్లకూ అలాగే ఇస్తారు. ఈ డివిజన్‌లో ఫుట్‌బాల్ జట్టున్న కాలేజీలు రెండు వందల నలభై దాకా ఉన్నాయి.

వాటి పేర్లు మనకు తెలియవని అనుకుంటాం. తెలుసు. ఎంఐటీ ఉంది. జాన్స్ హాప్కిన్స్ ఉంది. ఇక్కడికి దగ్గర్లోని కేస్ వెస్టర్న్ ఉంది. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పాఠాలు చెప్పిన కార్నెగీ మెలన్ ఉంది. అది కార్నెగీ టెక్‌గా ఉన్న రోజుల్లో, 1926లో, పిట్స్‌బర్గ్‌లో నోటర్ డేమ్ జట్టును 19-0తో ఓడించింది. నోటర్ డేమ్ కోచ్ నూట్ రాక్‌నీ ఆ రోజు తన జట్టుతో లేడు. ఈ ఆట తేలికే అనుకుని, ఆర్మీ, నేవీ కాలేజీ జట్ల ఆట చూడ్డానికి షికాగో వెళ్లాడు.

షికాగో యూనివర్సిటీ కథ ఇంకా పెద్దది. సత్య నాదెళ్ల ఎంబీఏ చేసింది అక్కడే కాబట్టి మన ఇళ్లలో ఆ పేరు తరచూ వినిపిస్తుంది. ఆమోస్ అలోంజో స్టాగ్ అనే కోచ్ 1892 నుంచి 1932 దాకా అక్కడే ఉన్నాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీని మొట్టమొదట, 1935లో, అందుకున్న జే బెర్వాంగర్ షికాగో విద్యార్థే. అలాంటి చోట 1939లో ఫుట్‌బాల్‌నే ఎత్తేశారు. ఖాళీగా మిగిలిన స్టాగ్ ఫీల్డ్ గ్యాలరీ కింద 1942 డిసెంబర్ 2న ఎన్రికో ఫెర్మీ బృందం ప్రపంచంలో తొలిసారి అణు గొలుసు చర్యను నడిపించింది. జట్టు మళ్లీ 1969లో వచ్చింది, ఇప్పుడు మూడో డివిజన్‌లో ఆడుతోంది. ఈ డివిజన్ ఫైనల్‌కు పెట్టింది కూడా ఆ కోచ్ పేరే, స్టాగ్ బౌల్. ఈ డివిజన్ మొదటి ఫైనల్‌ను 1973లో మన ఒహాయో కాలేజీ విటెన్‌బర్గ్ గెలిచింది, జునియాటా మీద 41-0తో.

ఇప్పుడు స్కోర్ల విషయానికి వస్తాను. బంతిని ఎదుటివాళ్ల చివరి లైను దాటిస్తే టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు, దాని తర్వాత కాలితో తన్ని గోల్‌లోంచి పంపితే ఒకటి, తన్నకుండా బంతిని మళ్లీ లైను దాటిస్తే రెండు, ఆట మధ్యలో తన్ని గోల్‌లోంచి పంపే ఫీల్డ్ గోల్‌కు మూడు. ఇంతవరకు తెలిస్తే చాలు.

ఒక్కో జట్టు సీజన్‌లో పది ఆటలు ఆడుతుంది. అందులో ఎక్కువ భాగం సొంత కాన్ఫరెన్స్, అంటే కొన్ని కాలేజీలు కలిసి కట్టుకున్న కూటమి, లోపలే. పది కాలేజీలున్న కాన్ఫరెన్స్ అయితే తొమ్మిది ఆటలు ఆ లోపలే అయిపోతాయి, బయటివాళ్లతో ఆడేది ఒక్కటే. మన ఒహాయో కాన్ఫరెన్స్ చాలా ఏళ్లు అలాగే నడిచింది. అంటే ఒహాయో జట్టు గొప్పదా, విస్కాన్సిన్ జట్టు గొప్పదా అని తేల్చడానికి సెప్టెంబర్‌లో ఒకటి రెండు ఆటలు తప్ప ఆధారమే లేదు. ఆ ఒక్క ఆటలో, బంతి విసిరి జట్టును నడిపించే క్వార్టర్‌బ్యాక్‌కు మోకాలు పట్టేసి ఉంటే? వాన పడి బంతి జారిపోతూ ఉంటే? నవంబర్‌లో, టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌కు ఎవరిని తీసుకోవాలన్న వాదన వచ్చినప్పుడు ఆ సెప్టెంబర్ ఆట చూసినవాళ్ల మాటకు బరువు వస్తుంది.

అభిమానులు మాట్లాడుకునేటప్పుడు మీరు పక్కన నిలబడి వినండి. "42-14 అని చూసి బెదరకు, మూడో క్వార్టర్ చివరిదాకా 21-14, మనవాడు రెండుసార్లు బంతి జారవిడిచాడు" అంటాడు ఒకాయన. "చివర్లో రెండో జట్టు కుర్రాళ్లను దింపారు, ఆ రెండు టచ్‌డౌన్లు లెక్కలోకి తీసుకోకు" అంటాడు ఇంకొకాయన. "బస్సులో ఏడు గంటలు కూర్చుని వచ్చి ఆడారు పాపం" అంటుంది ఒక తల్లి. ఆవిడ వైజాగ్ నుంచి హైదరాబాద్‌కు సీట్లోనే ప్రయాణం చేసి, దిగి స్నానం కూడా లేకుండా ఇంటర్వ్యూకు వెళ్లినట్టుగా చెప్తుంది, ఆ బాధ మనకు వెంటనే అర్థమవుతుంది. ప్లేఆఫ్స్‌లో కూడా ఎన్నో ఏళ్లపాటు ఐదు వందల మైళ్ల లోపు దూరమైతే బస్సే, విమానం లేదు. అందుకే ఎవరితో ఎవరు తలపడాలన్నది కూడా చాలావరకు దూరాన్ని బట్టే నిర్ణయించేవాళ్లు. ఒకే ప్రాంతంలో రెండు గట్టి జట్లుంటే మొదటి వారాల్లోనే ఒకదాన్నొకటి ఇంటికి పంపుకునేవి. అభిమానులకు దాని మీద ఉన్న కోపం న్యాయమైనదే.

ఒకటి మాత్రం అభిమానులు తరచూ తప్పు చేస్తారు. మనం వాళ్లను ఇరవై ఒక్క పాయింట్ల తేడాతో కొట్టాం, వాళ్లు ఫలానావాళ్లను పద్నాలుగుతో కొట్టారు, కాబట్టి ఫలానావాళ్లను మనం ముప్పై అయిదుతో కొడతాం అంటారు. కాగితం మీద బాగుంటుంది. ఆట అలా నడవదు.

2003 చూడండి. ఇక్కడికి దగ్గర్లో అలయన్స్ ఉంది, ఇరవై వేల పైచిలుకు జనం ఉండే ఊరు. అక్కడి మౌంట్ యూనియన్ కాలేజీ జట్టు అప్పటికి వరుసగా 55 ఆటలు గెలిచింది. దానికి ముందు 54 వరుసగా గెలిచి, 1999లో ఒక్కటి ఓడి, మళ్లీ 55 మొదలుపెట్టింది. అంటే నూట పది ఆటల్లో ఒకే ఒక్క ఓటమి. 2003 స్టాగ్ బౌల్‌లో వాళ్ల ఎదుట నిలబడింది మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్. ఫలితం సెయింట్ జాన్స్ 24, మౌంట్ యూనియన్ 6.

ఆ సెయింట్ జాన్స్ కోచ్ జాన్ గల్యార్డీ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆయన ప్రాక్టీసులో పిల్లలను ఒకరినొకరు పడగొట్టనిచ్చేవాడు కాదు. ట్యాక్లింగ్ ఆటలోనే, ప్రాక్టీసులో లేదు. విజిల్ ఊదడు. "కోచ్" అని పిలవద్దు, జాన్ అనండి అనేవాడు. ఇలాంటి మనిషి కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలో అందరికంటే ఎక్కువ ఆటలు గెలిచాడు, 489. అదే 2003 నవంబర్‌లో ఎడీ రాబిన్‌సన్ అనే కోచ్ 408 విజయాల రికార్డును దాటాడు. నెల తిరిగేసరికి మౌంట్ యూనియన్‌ను ఓడించి టైటిల్ గెలిచాడు. 1953 నుంచి 2012 దాకా అరవై సీజన్లు ఒకే కాలేజీలో పని చేశాడు. మూడో డివిజన్‌లో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు. ఫుట్‌బాల్ అంటే తలకు దెబ్బలు తగిలే ఆట అని భయపడే మన అమ్మలకు నేను ముందుగా చెప్పేది ఈయన గురించే. ప్రమాదం లేదని చెప్పను, ఉంది. కానీ వారమంతా పిల్లల ఒళ్లు హూనం చేయకుండానే గెలవొచ్చని ఆయన అరవై ఏళ్లు చేసి చూపించాడు. దీన్ని మిగతా కాలేజీలన్నీ ఎందుకు పట్టుకోలేదో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మౌంట్ యూనియన్‌ను తక్కువ చేస్తున్నాననుకోకండి. లారీ కేరెస్ 1986 నుంచి 2012 దాకా కోచ్‌గా 332 గెలిచి, 24 ఓడి, 3 సమం చేసి, 11 జాతీయ టైటిళ్లు తెచ్చాడు. ఆయన తర్వాత కొడుకు విన్స్ కోచ్‌గా ఉండగా మరో రెండు వచ్చాయి. కాలేజీలో చదివేది రెండు వేల పైచిలుకు మంది. ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిపించిన కోచ్ నిక్ సిరియానీ ఇక్కడి ఆటగాడే. 2005 నుంచి 2014 వరకు పది ఫైనల్స్‌లో తొమ్మిదింట మౌంట్ యూనియన్, విస్కాన్సిన్ వైట్‌వాటర్ జట్లే తలపడ్డాయి. వైట్‌వాటర్ ఆరు గెలిచింది, మౌంట్ యూనియన్ మూడు. మిగతా దేశం విసుక్కుంది. ఆ రెండు ఊళ్లవాళ్లకు మాత్రం డిసెంబర్ అంటే అదే పండగ.

ఇంకో స్కోరు, 31-28. 2016 నవంబర్. క్లీవ్‌లాండ్ శివార్లలోని జాన్ కారల్ యూనివర్సిటీ మౌంట్ యూనియన్‌ను ఓడించింది. రెగ్యులర్ సీజన్‌లో, అంటే ప్లేఆఫ్స్‌కు ముందు జరిగే ఆటల్లో, వరుసగా 112 ఆటలు గెలిచిన జట్టు అక్కడ ఆగింది. అంటే 2005 తర్వాత మొదటి ఓటమి. ఆ కుర్రాళ్లు ఏడెనిమిది, పదేళ్ల పిల్లలుగా ఉన్నప్పటి నుంచి ఆ జట్టు రెగ్యులర్ సీజన్‌లో ఓడిపోవడం ఎవరూ చూడలేదు. మూడు పాయింట్ల తేడా అని రాసి వదిలేస్తే ఇది ఎవరికి తెలుస్తుంది?

ఓడిపోయే జట్ల గురించి మాట్లాడకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. కోఫీ అన్నన్ చదివిన కాలేజీ మెకాలెస్టర్, మిన్నెసోటా సెయింట్ పాల్‌లో ఉంది. ఆ జట్టు 1974 నుంచి 1980 దాకా వరుసగా 50 ఆటలు ఓడింది. ఆలోచించండి, మధ్యలో చేరి నాలుగేళ్లు ఆడి, ఒక్క గెలుపు లేకుండా డిగ్రీ పట్టా తీసుకుని వెళ్లిన కుర్రాళ్లున్నారు. స్కాలర్‌షిప్ లేదు, గెలుపూ లేదు, అయినా సోమవారం ప్రాక్టీసుకు వచ్చారు. 1980 సెప్టెంబర్‌లో చివరి క్షణాల్లో ఒక ఫీల్డ్ గోల్‌తో 17-14తో గెలిచారు. నాకు ఈ డివిజన్ మొత్తంలో బాగా ఇష్టమైన స్కోరు అదే. స్టాగ్ బౌల్ స్కోర్లన్నీ దాని తర్వాతే.

అదే మిన్నెసోటాలో 2017లో సెయింట్ థామస్ 97, సెయింట్ ఓలఫ్ 0. ఈ ఫలితం మీద అభిమానులు రెండుగా చీలిపోయారు. ఇంత పెద్ద తేడాకు కారణం గెలిచినవాళ్ల అహంకారమా? చివర్లో దించిన మూడో వరుస కుర్రాళ్లను కూడా పరుగెత్తొద్దని ఎలా అంటాం? రెండు వైపులా న్యాయం ఉంది. నా మాట అడిగితే, తప్పు ఆ రోజు మైదానంలో ఉన్న పిల్లలది కాదు. రెండు మూడు వేల మంది విద్యార్థులున్న కాలేజీలనూ, అంతకు రెట్టింపు మందున్న కాలేజీనీ ఒకే కాన్ఫరెన్స్‌లో పెట్టినవాళ్లది. 2019లో ఆ కాన్ఫరెన్స్ సెయింట్ థామస్‌ను బయటికి పొమ్మంది. ఆ ఒక్క ఆటే కారణం అనలేం, మిగతా ఆటల్లో కూడా వాళ్లే గెలుస్తున్నారు. 2021లో సెయింట్ థామస్ మూడో డివిజన్ నుంచి నేరుగా మొదటి డివిజన్‌కు వెళ్లిపోయింది. దాంతో సెయింట్ జాన్స్‌తో వాళ్లకున్న పాత పోటీ ఆగిపోయింది. 2017లో ఆ ఆటను మినియాపొలిస్ బేస్‌బాల్ స్టేడియంలో పెడితే 37 వేల మందికి పైగా వచ్చారు. అంతటి ఆటను చేజేతులా పోగొట్టుకున్నారు.

అయోవాలో గ్రినెల్ ఉంది. ఇంటెల్ స్థాపకుల్లో ఒకరైన రాబర్ట్ నోయిస్ చదివిన కాలేజీ. 2019లో మూడు ఆటలు అయ్యేసరికి గాయాల వల్ల ఆడగలిగేవాళ్లు ముప్పై మంది కూడా మిగల్లేదు. మిగతా సీజన్ రద్దు చేసుకున్నారు. అలసిన పిల్లాడిని మళ్లీ మళ్లీ దింపితే దెబ్బలు పెరుగుతాయి కాబట్టి అది సరైన నిర్ణయం. తర్వాత మళ్లీ జట్టు కట్టారు.

ఈ వివరాలన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? టీవీలో ఈ ఆటలు దాదాపు రావు. ఊరి పత్రికలు చాలాచోట్ల మూతపడుతున్నాయి, ఉన్నవి కూడా స్కోరు ఒక్క వరుసలో వేసి ఊరుకుంటాయి. దేశం మొత్తం చూసేది ఎప్పుడో ఒక వింత జరిగినప్పుడే. 2007 అక్టోబర్‌లో మిసిసిపీ జాక్సన్‌లో మిల్‌శాప్స్ మీద టెక్సస్ ట్రినిటీ రెండు పాయింట్లతో వెనకబడి ఉంది, మిగిలింది రెండు సెకన్లు. బంతిని పదిహేను సార్లు పక్కకూ వెనక్కూ ఒకరికొకరు అందించుకుంటూ వెళ్లి టచ్‌డౌన్ చేశారు, 28-24. ఆ వీడియో అందరూ చూశారు. కానీ ఆ కుర్రాళ్లు దానికి ముందు శనివారం ఎలా ఆడారో, తర్వాతి శనివారం ఎలా ఆడారో తెలిసింది వాళ్ల అభిమానులకే.

2023 ఫైనల్ సంగతి కూడా చెప్తాను, దాని మీద వాదన ఇంకా నడుస్తోంది. న్యూయార్క్ కోర్ట్‌లాండ్, ఇల్లినాయ్ నార్త్ సెంట్రల్. నార్త్ సెంట్రల్ వరుస విజయాల మీద ఉంది. చివరి నిమిషాల్లో టచ్‌డౌన్ చేసి 38-37 దాకా వచ్చింది. తన్ని ఒక పాయింటు తీసుకుంటే సమం, ఆట ముందుకు సాగుతుంది. వాళ్లు రెండు పాయింట్లకు ప్రయత్నించారు, కోర్ట్‌లాండ్ ఆపేసింది. టైటిల్ కోర్ట్‌లాండ్‌ది. చాలామంది ఆ కోచ్‌ను తప్పుపట్టారు. నేను పట్టను. అలసిపోయిన జట్టుతో ఓవర్‌టైమ్‌కు వెళ్లడం కంటే, బంతి చేతిలో ఉన్నప్పుడే తేల్చుకుందామనుకోవడం ధైర్యమే. ఆ రెండు పాయింట్లు వచ్చి ఉంటే ఇదే నిర్ణయాన్ని మెచ్చుకునేవాళ్లు.

ఇక్కడ ఒకావిడ చెయ్యెత్తారు. చెప్పండమ్మా. ... సరే, అందరికీ వినబడేలా చెప్తాను. "మా అబ్బాయి హైస్కూల్లో ఆడుతున్నాడు, స్కాలర్‌షిప్ రానప్పుడు కాలేజీలో ఎందుకు ఆడాలి, కాలేజీకి దీని వల్ల లాభం ఏమిటి" అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. కాలేజీ సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. చిన్న ప్రైవేటు కాలేజీలకు విద్యార్థులు దొరకడం కష్టమవుతోంది. ఫుట్‌బాల్ జట్టు పెడితే వంద మంది దాకా అబ్బాయిలు చేరతారు, ఫీజు కడతారు. కొత్తగా జట్లు పెట్టిన కాలేజీల్లో చాలావాటికి ఇదీ ఒక కారణం. కాబట్టి కోచ్ ఫోన్ చేసి పిలిచాడని మురిసిపోయి సంతకం పెట్టకండి. ముందు ఫీజు ఎంత, సాయం ఎంత, అబ్బాయికి కావలసిన చదువు అక్కడ ఉందా చూడండి. ప్రాక్టీసులో ట్యాక్లింగ్ ఎన్ని రోజులు ఉంటుందో కోచ్‌నే అడగండి. ఇవన్నీ సరిపోతే ఆడనివ్వండి. హాబర్ట్‌లో ఆడిన అలీ మార్పెట్‌ను 2015లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కొత్త ఆటగాళ్ల ఎంపికలో రెండో రౌండులోనే తీసుకుంది, కానీ అలాంటివాళ్లు అరుదు. మీ అబ్బాయి ఆడితే ఆట కోసమే ఆడాలి.

ఇంకొకాయన, ప్లేఆఫ్స్‌కు ఇప్పుడు ఎలా ఎంచుకుంటున్నారని అడిగారు. కాన్ఫరెన్స్ గెలిచినవాళ్లకు నేరుగా చోటు. మిగిలిన చోట్లకు 2024 నుంచి ఒక లెక్క పెట్టారు. గెలుపోటములు, ఎదుటి జట్ల బలం చూసి క్రమం కడతారు. ఎంత తేడాతో గెలిచారన్నది అందులో లేదు, అది నాకు నచ్చింది. 97-0లు కొట్టాల్సిన అవసరం ఉండదు. అదే ఏడాది జట్ల సంఖ్య నలభైకి పెంచారు. అయితే ఆ లెక్కలో క్వార్టర్‌బ్యాక్ మోకాలు గురించి ఏమీ లేదు. దాన్ని మీరే మాట్లాడుకోవాలి.

చివరగా, జనం రారని మాత్రం అనుకోకండి. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా, కోర్ట్‌లాండ్ ఇరవై మైళ్ల దూరంలో ఉన్న కాలేజీలు. 1959 నుంచి ఒక కూజా కోసం ఏటా ఆడుకుంటున్నాయి. 2019లో ఆ ఆటను మెట్‌లైఫ్ స్టేడియంలో పెడితే 45,161 మంది వచ్చారు.

మన దగ్గర అంత జనం ఉండరు, కాబట్టి సీటు దొరుకుతుంది. వచ్చే శనివారం అలయన్స్‌లో ఆట ఉంది, మధ్యాహ్నం ఒంటిగంటకు. ఎదుటి జట్టు వాళ్ల అమ్మానాన్నలు కూర్చునే వైపు కూర్చుందాం, వాళ్ల సీజన్ గురించి మనకు ఎక్కువ తెలుస్తుంది. చలికోట్లు తెచ్చుకోండి, నవంబర్ గాలి గట్టిగా ఉంటుంది. రావాలనుకునేవాళ్లు భోజనాల దగ్గర నాకు పేరు చెప్పండి, కార్లు సర్దుకుందాం. నిన్నటి ఫలితాల మీద వాదన ఉన్నవాళ్లు కూడా అక్కడికే రండి.